అతికి కొలత: పాలకుర్తి చెరువు శిఖంలో భారీ రోబో ఆట తయారీ

భారీ రోబోలు తుపాకులతో తలపడే వీడియో గేముల్లో ఏదీ చిన్నగా జరగదు. రోబో అడుగు వేస్తే నేల బీటలు వారుతుంది. భుజాల మీది పెట్టెలు తెరుచుకుని క్షిపణులు గుంపులుగా, మెలికలు తిరుగుతూ లేస్తాయి. శత్రువు చచ్చే ముందు గొప్పలు చెప్పుకుంటాడు, చచ్చాడనుకున్న మరుక్షణం ఇంకా పెద్ద రూపంతో లేస్తాడు. జపాన్ కంపెనీ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 1997లో మొదలుపెట్టిన 'ఆర్మర్డ్ కోర్' ఈ దారిలోదే. 2003లో వచ్చి, రాక్షస చీమల మందల మీదికి సైనికుణ్ణి తోలిన 'ఎర్త్ డిఫెన్స్ ఫోర్స్' కూడా ఈ దారికి దగ్గరిదే. 2004 నాటి 'మెటల్ వూల్ఫ్ కేయాస్' అయితే అమెరికా అధ్యక్షుణ్ణే రోబో కవచంలో కూర్చోబెట్టి, తిరుగుబాటు చేసిన ఉపాధ్యక్షుడి మీద యుద్ధానికి పంపింది.

ఇవన్నీ ఏళ్ల తరబడి ఆడి ఆడి స్థిరపడిన కట్టుబాట్లు. కొత్తగా గేమ్ తయారుచేసేవాళ్లు చాలామంది వీటి చప్పుడు వరకే దించుకుంటారు. పేలుళ్లు పెరుగుతాయి, ఆట మాత్రం రక్తి కట్టదు. ఎందుకంటే మంచి ఆటలో ప్రతి అతిశయమూ ఆడేవాడికి ఒక సంగతి చెబుతుంది: ఎవరు వచ్చారు, ఎంత బరువు, ఎక్కడ కొట్టాలి, ఎప్పుడు తప్పుకోవాలి. ఏ సంగతీ చెప్పని అతి వృథా.

ఈ కొలత తెలిసిన నేల జనగామ జిల్లాలోని పాలకుర్తి. ఇక్కడి పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం శివరాత్రి వేడుకలను వర్ణిస్తూ, తెర మాటున భారత కథలను బొమ్మలతో ఆడించేవాళ్లను ప్రస్తావించాడు. పొరుగునే దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లెకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. మనిషిని మనిషికన్నా పెద్దగా చూపే విద్య ఇక్కడ నిన్న మొన్నటిది కాదు. కాబట్టి ఈ కథనంలో ఒకే ఒక్క అంకం తయారుచేద్దాం. పది నిమిషాల ఆట, ఒక రోబో, ఒక మహాశత్రువు. రంగస్థలం పాలకుర్తి.

కావలసినవి

మధ్యరకం ల్యాప్‌టాప్, ఒక ఆండ్రాయిడ్ ఫోన్, హెడ్‌ఫోన్లు, గీతల్లేని నోట్‌బుక్. ఆట కట్టడానికి గోడాట్, బొమ్మలు మలచడానికి బ్లెండర్. రెండూ ఉచితం, వాటితో చేసిన ఆట మీదే అవుతుంది. వీటితోపాటు ఆట గురించి ముందుగా ఏమీ చెప్పని నలుగురైదుగురు స్నేహితులు కావాలి. చివరి మెట్టులో వాళ్లే పరీక్షాధికారులు.

1. కాపాడాల్సింది ముందు తేల్చుకోండి

ఈ ఆటల తొలి అలవాటు భూగోళం మొత్తాన్ని ప్రమాదంలో పడేయడం. వినడానికి ఘనంగా ఉంటుంది గానీ, భూగోళం తెర మీద కనిపించదు. కనిపించని దాని కోసం ఎవరి గుండే కొట్టుకోదు. రోబో ఎంత పెద్దదైతే, అది కాపాడేది అంత చిన్నదిగా, అంత దగ్గరగా ఉండాలి.

మన అంకంలో కాపాడాల్సింది ఒక కళ్లం. కోసి కుప్పవేసిన వరి, పక్కన రెండు బండ్లు, టార్పాలిన్ పట్టాలు. పాలకుర్తిలో పంటను కాపాడుకోవడం అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. 1940లలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు తన పంటను ఎత్తుకుపోవడానికి వస్తే, చాకలి ఐలమ్మ సంఘం అండతో నిలబడి ఆ పంటను దక్కించుకున్న ఊరు ఇది. ఆమెను రోబోలో కూర్చోబెట్టే పని మాత్రం చేయకండి. ఆమె పోరాటం నిజం, దాన్ని బొమ్మల కథ చేయకూడదు. ఆ నేల నేర్పిన విలువను తీసుకోండి చాలు: ఏడాది కష్టం కుప్పగా ఉన్న చోటు పోతే అంతా పోయినట్టే.

నోట్‌బుక్ మొదటి పేజీలో ఒక్క వాక్యం రాయండి: "పొద్దు గూకేలోపు ధాన్యం బండ్లు ఊళ్లోకి చేరాలి." ఆటలో ప్రతి నిర్ణయాన్నీ ఇక ఈ వాక్యం ముందు నిలబెట్టి అడగాలి.

2. తాటిచెట్టుతో కొలవండి

1972 నాటి మజింగర్ జెడ్, 1979 నాటి గండమ్, ఈ రెండు జపాన్ రోబోల ఎత్తూ 18 మీటర్లు. యోకోహామా రేవులో 2020 డిసెంబరు నుంచి 2024 మార్చి దాకా కదిలే గండమ్‌ను అదే ఎత్తుతో నిలబెట్టి చూపించారు. మన లెక్కలో అది బాగా ఎదిగిన తాటిచెట్టు. తాటిచెట్టు ఎంత ఎత్తుంటుందో పాలకుర్తి పిల్లవాడికి కంటికే తెలుసు. అందుకే రోబోను 17 మీటర్లకు, అంటే మనిషికి పదింతలకు కట్టి, చుట్టూ తాటిచెట్లు నాటండి. రోబో తల తాటి మట్టలను రాసుకుంటూ పోయిందంటే ఎత్తు ఎంతో అంకెలతో చెప్పే పని లేదు.

ఇప్పుడు బరువు. మనిషిని అన్ని వైపులా పదింతలు పెంచితే కాళ్ల అడ్డుకోత వైశాల్యం నూరింతలు అవుతుంది, బరువు మాత్రం వెయ్యింతలు అవుతుంది. 70 కిలోల మనిషి 70 టన్నులవుతాడు. ఎముకలో ప్రతి చదరపు అంగుళం మీదా భారం పదింతలు పెరుగుతుంది. నిజానికి అంత పెద్ద మనిషి ఆకారం నిలబడటమే కష్టం. ఆటలో నిలబెట్టవచ్చు, కాకపోతే ఆ బరువు నడకలో కనిపించాలి.

దానికొక సూత్రం ఉంది. లోలకం పొడవు పదింతలైతే ఊగే సమయం పది వర్గమూలం, అంటే సుమారు 3.16 రెట్లు పెరుగుతుంది. కాలు ఊగడమూ అలాంటిదే. మనిషి ఒక అడుగుకు అర సెకను తీసుకుంటే, రోబో 1.6 సెకన్లు తీసుకోవాలి. అడుగు పొడవు 75 సెంటీమీటర్ల బదులు ఏడున్నర మీటర్లు కాబట్టి, తాపీగా కదిలినట్టే ఉంటుంది గానీ గంటకు 17 కిలోమీటర్లు పోతుంది. భుజం మీది పలక ఊడి 17 మీటర్ల కిందికి పడటానికి దాదాపు 1.9 సెకన్లు పట్టాలి. అర సెకనులో పడిపోతే ఎంత చెక్కినా అది చిన్న బొమ్మలాగే కనిపిస్తుంది.

మరి తూటాల నుంచి తప్పుకోవడం ఎలా? ఈ రకం ఆటలు కనిపెట్టిన జవాబు బూస్టర్. 2006లో వచ్చిన ఆర్మర్డ్ కోర్ నాలుగో భాగం నుంచి, ఒక్క తోపుతో పక్కకు దూకే క్విక్ బూస్ట్ ఆ ఆటల గుర్తయిపోయింది. కాళ్లకు బరువు ఇచ్చి, వీపుకు వేగం ఇవ్వండి. నడిచినప్పుడు 70 టన్నులు, దూకినప్పుడు మెరుపు. దూకిన తర్వాత అర సెకను పాటు కాళ్లు నేలను దున్నుకుంటూ ఆగాలి. ఆ దుమ్ములోనే బరువు మళ్లీ గుర్తొస్తుంది.

3. నీడ చూసి పోల్చుకోవాలి

రోబోను నల్లటి నీడగా మాత్రమే గీసి, అరచేతి అంత ఫోన్ తెర మీద పెట్టి చూడండి. ఎవరో తెలియకపోతే రంగులు వేసి లాభం లేదు. రోబోల భుజాలు అంత వెడల్పుగా, తలలు అంత కోసుగా ఉండటానికి కారణం ఇదే. చిందు వేషంలో భుజకీర్తులు, పెద్ద కిరీటం చేసే పని కూడా ఇదే. రాత్రి వెలుతురులో, చివరి వరుసలో కూర్చున్న మనిషికి కూడా వచ్చింది రాజో రాక్షసుడో తెలిసిపోవాలి. ఆ ఆభరణాలను తేలికైన కర్రతో చేస్తారు, చూడటానికి బరువుగా ఉన్నా వేసుకున్నవాడు గంటల తరబడి చిందెయ్యగలగాలి కదా. బ్లెండర్‌లోనూ అదే పాఠం పనికొస్తుంది: ఆకారం పెద్దది, లోపలి ముఖాలు తక్కువ. ఫోన్‌కు భారం కాకూడదు.

పైపూత కోసం జనగామ పక్కనున్న పెంబర్తికి వెళ్లి చూడండి. ఇత్తడి రేకును మెత్తటి లక్క మీద పరచి, ఉలితో సుత్తితో కొట్టి బొమ్మ తేల్చే పని అది. ఉబ్బిన చోట వెలుగు, లోతు చోట నలుపు. రోబో ఛాతీ పలక మీద ఆ ఉబ్బెత్తు పని ఉంటే దానికి ఊరు పేరు అక్కర్లేదు. ఎవరైనా కళాకారుడి నమూనా తీసుకుంటే మాత్రం అడిగి, డబ్బిచ్చి, పేరు వేయండి.

4. ప్రవేశం: తెర దించే విధానం

ఈ ఆటల్లో రోబో ఊరికే వచ్చెయ్యదు. చీకటి షెడ్డు, ఒక్కొక్కటిగా వెలిగే దీపాలు, విడిపోయే కొక్కేలు, లెక్కపెట్టే గొంతు, ఆ తర్వాతే బయటికి. వట్టి ఆడంబరంలా కనిపించే ఈ ఘట్టం నిజానికి ఆడేవాడికి పాఠం చెబుతుంది.

యక్షగానంలో ప్రవేశాన్ని గుర్తు చేసుకోండి. ఇద్దరు తెర పట్టుకుంటారు. ముందు గజ్జెల చప్పుడు, తర్వాత తెర పైన కిరీటం, ఆ తర్వాత ముఖం. పాత్ర తానెవరో, ఏ ఊరివాడో, ఎంతటివాడో పాడి చెప్పుకుంటుంది. కథలోకి దిగేసరికి ప్రేక్షకుడికి కావలసినదంతా తెలిసే ఉంటుంది.

మన ప్రవేశాన్ని నలభై సెకన్లలో, నాలుగు భాగాలుగా కట్టండి. మొదటి పది సెకన్లు చీకటి, చప్పుడు మాత్రమే. రెండో భాగంలో కుడి చెయ్యి కదులుతుంది, ఆడేవాడు బొటనవేలు జరిపితేనే. మూడో భాగంలో ఎడమ చెయ్యి పిడికిలి బిగిస్తుంది, మీట నొక్కితేనే. నాలుగో భాగంలో తలుపులు తెరుచుకుని, కింద చెరువు కట్ట, దూరంగా కళ్లం కనిపిస్తాయి. ఇలా చేస్తే ఆట నేర్పడానికి వేరే పేజీ అక్కర్లేదు. మొదటిసారి ఆడేవాడికి ఇది పాఠం. రెండోసారి నుంచి దాటేసే మీట తప్పకుండా ఉండాలి.

రోబో నడిపేది ఎవరు? మజింగర్‌లో కుర్రాడికి రోబో తాత చేతి నుంచి వస్తుంది. పెద్దలు కట్టినది పిల్లల చేతికి రావడం ఈ రకం కథల మూలస్తంభం. మన అంకంలో దాన్ని కట్టింది ట్రాక్టర్ మెకానిక్ అయిన అమ్మమ్మ. నడిపేది మనవరాలు. అమ్మమ్మ రేడియోలో "బిడ్డా, ఎడమ కాలు జర జాగ్రత్త, దాని బేరింగు పాతది" అంటుంది. ఒక్క మాటలో బంధుత్వమూ చెప్పాం, ఎడమ వైపు దూకితే తక్కువ దూరం పోతుందన్న నియమమూ చెప్పాం.

5. ఆయుధాలు: నాలుగు చాలు, నాలుగూ వేరుగా ఉండాలి

ఎర్త్ డిఫెన్స్ ఫోర్స్ ఆటల్లో వందల ఆయుధాలుంటాయి. పది నిమిషాల అంకానికి నాలుగు చాలు. ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు కావాలి.

కుడి చేతి తుపాకీ: దూరం ఎప్పుడూ సమస్య కాదు, వేడి సమస్య. ఆగకుండా ఆరు సెకన్లు కాలిస్తే గొట్టం ఎర్రబడి రెండు సెకన్లు మొరాయిస్తుంది. ఆ వేడిని మూలనున్న గీతలో కాకుండా గొట్టం రంగులోనే చూపండి.

ఎడమ చేతి పిడికిలి: దగ్గరికి వచ్చినవాళ్ల కోసం. ఆయుధం పేరును గట్టిగా అరిచే అలవాటు మజింగర్ రాకెట్ పిడికిలి కాలం నుంచీ ఉంది. ఆ అరుపు దెబ్బకు ముందు వచ్చే హెచ్చరిక. పేరు పలకడానికి పట్టే ఒక సెకనే పిడికిలి బిగుసుకునే సమయం. ఆడేవాడు తెర చూడకుండానే చెవితో లెక్క కట్టగలుగుతాడు.

భుజం క్షిపణులు: 1982 నాటి 'మాక్రోస్' అనిమేషన్‌లో ఇచిరో ఇటానో గీసిన మెలికల క్షిపణులకు ఇటానో సర్కస్ అని పేరే పడింది. అందం వాటి సంఖ్యలో లేదు, దారుల్లో ఉంది. పన్నెండు చాలు. నాలుగు తిన్నగా, నాలుగు వంకరగా, నాలుగు ఆలస్యంగా పోనివ్వండి. మూడు దారులు కలిసేసరికి ఆకాశం నిండుతుంది, ఫోన్ మాత్రం వేడెక్కదు.

నాలుగోది ఒక్కసారికే పనికొచ్చే అస్త్రం. దీనికి భారతంలో తిరుగులేని నమూనా ఉంది. కర్ణుడికి ఇంద్రుడిచ్చిన శక్తి ఒక్కసారే ప్రయోగించాలి. అర్జునుడి కోసం దాచుకున్న దాన్ని, రాత్రి యుద్ధంలో సైన్యం చితికిపోతుంటే ఘటోత్కచుడి మీద విడవక తప్పలేదు. ఆ క్షణంలో ఉన్న బాధ పేలుడులో లేదు, ఖర్చు చేయడంలో ఉంది. మన ఆటలో కూడా ఆ అస్త్రాన్ని మూడో నిమిషంలోనే ఇవ్వండి. వాడాలనిపించే సందర్భాలు మూడు పెట్టండి. చివరి శత్రువుతో తలపడేటప్పుడు అది లేకపోయినా గెలవగలగాలి, ఉంటే సగం పని తగ్గాలి. ఆడేవాడి మనసులో గింజుకులాట మొదలైతే ఆయుధం పండినట్టు.

6. దెబ్బ తగిలినట్టు తెలియాలి

కాల్చడం ఒకటి, తగలడం ఇంకొకటి. తగిలిన క్షణంలో ఆటను రెండు నుంచి నాలుగు ఫ్రేముల పాటు ఆపండి. సెకనుకు 30 ఫ్రేముల ఆటలో అది ఎక్కువలో ఎక్కువ సెకనులో పదో వంతు పైచిలుకు మాత్రమే. కంటికి ఆగినట్టు తెలియదు, చేతికి బరువు తెలుస్తుంది. తెర వణుకు చిన్న దెబ్బకు వద్దు. పిడికిలికీ, మహాశత్రువు అడుగుకీ మాత్రమే ఉంచండి. కొందరికి వణుకు తల తిప్పుతుంది కాబట్టి తగ్గించే వీలూ పెట్టండి.

శబ్దంలో మూడు పొరలు: ఇనుము గుద్దుకున్న టక్కు, లోపలి గుభేలు, ఆ తర్వాత తాపీగా రాలే రేకుల చప్పుడు. మహాశత్రువు రాకకు డప్పు వాడండి. డప్పుకు సందర్భానికొక దరువు ఉంటుందని ఇక్కడ అందరికీ తెలుసు, కాబట్టి ఏ దరువు దేనికో కొట్టేవాళ్లను అడిగే ఎంచుకోండి. వాయించినవాళ్ల పేర్లు ఆట చివర పడాలి.

7. మందలు, రేడియో గొంతు

చిన్న శత్రువులను గుంపులుగా పంపడం రెండు పనులు చేస్తుంది: రోబో పెద్దదని చూపిస్తుంది, ఆయుధం ఎంచుకోవడం నేర్పుతుంది. మొదటి గుంపు తుపాకీకి, రెండోది పిడికిలికి, మూడోది క్షిపణులకు అనువుగా రావాలి.

నడుమ నడుమ రేడియో గొంతు మాట్లాడుతూ ఉండాలి. 'కల్కి 2898 ఏడీ'లో బుజ్జి అనే వాహనానికి కీర్తి సురేశ్ గొంతు ఇచ్చారు. ఆ గొంతు వల్లనే ఇనుప పెట్టె పాత్రగా మారింది. మన అమ్మమ్మ మాటల్లో సగం హెచ్చరికలు, సగం ముచ్చట్లు ఉంచండి. ఒక్కో మాట నాలుగు సెకన్లు దాటకూడదు, కాల్పుల మధ్య అంతకన్నా ఎక్కువ చెవికెక్కదు.

8. మహాశత్రువు: మూడు రూపాలు, మూడు పాఠాలు

కొండంత శత్రువు, మెరిసే ఆయువుపట్టు, చచ్చి లేవడం. ఈ మూడూ లేకుండా ఈ రకం ఆట ఉండదు. మన శత్రువు చెరువు అవతలి గుట్టలోంచి లేచే తవ్వకపు యంత్రం. గుట్టే లేచిందేమో అనిపించేలా మొదటి మూడు సెకన్లు బండరాళ్లు మాత్రమే కదలాలి.

మొదటి రూపంలో ఆయువుపట్టు బయటే కనిపిస్తుంది, అందేది కాదు. దుర్యోధనుడి తొడ సంగతి తీసుకోండి. గదాయుద్ధం సాగుతుంటే తొడ వైపు సైగ వస్తేనే భీముడికి దారి దొరికింది. ఇక్కడ ఆ సైగ అమ్మమ్మది: "మోకాలు చూడు బిడ్డా, వంగినప్పుడు చూడు." శత్రువు వంగే క్షణం ఒక సెకను ముందే పసుపు వెలుగుతో తెలియాలి. ముందు చెప్పని దెబ్బతో ఓడిస్తే ఆడేవాడు ఫోన్ పక్కన పడేస్తాడు, చెప్పి ఓడిస్తే మళ్లీ ఆడతాడు.

రెండో రూపంలో కొట్టిన కొద్దీ అతుక్కుంటుంది. ఇది జరాసంధుడి చిక్కు. పాలకుర్తి మండలంలోని బమ్మెర పోతన ఊరుగా పేరుపొందింది, ఆయన తెలుగు చేసిన భాగవతంలోనే ఉంది ఈ ఘట్టం. కృష్ణుడు నోరు విప్పకుండా ఒక కొమ్మను నిలువునా చీల్చి చూపుతాడు, భీముడు అర్థం చేసుకుంటాడు. సూచన ఇవ్వడంలో ఇంతకన్నా మంచి పాఠం లేదు. తెర మీద వాక్యం రాయకండి. శత్రువు వెనక ఒక తాటిచెట్టు పిడుగుపడి నిలువుగా చీలనివ్వండి. ఆడేవాడు దాన్ని చూసి, రెండు భాగాలనూ వేర్వేరుగా నెట్టాలని తనే కనుక్కోవాలి. ఇరవై సెకన్లు గడిచినా అర్థం కాకపోతే ఇంకో చెట్టు చీలుతుంది.

మూడో రూపంలో ముక్కలన్నీ ఏకమవుతాయి. 2010 నాటి 'రోబో' సినిమాలో చిట్టీలు గుంపుగా కలిసి బంతిగా, పాముగా, మహాకాయుడిగా మారడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఇక్కడ కొత్త నియమం ఏదీ పెట్టకండి. మోకాలు, చీలిక, దూకుడు, ఇంతవరకు నేర్చినవన్నీ ఒకదాని వెంట ఒకటి అడగండి. చివరి రూపం పరీక్ష కావాలి, కొత్త పాఠం కాకూడదు.

గొప్పలు చెప్పుకునే ప్రసంగం? ఉంచండి, అయితే అది సాగుతుండగా ఆడేవాడు కదలగలగాలి. ప్రసంగం సాగే పన్నెండు సెకన్లూ గొట్టం చల్లబరచుకునే విరామం.

9. ఏది కూలాలి, ఏది కూలకూడదు

ఎర్త్ డిఫెన్స్ ఫోర్స్‌లో ఒక్క రాకెట్‌తో మేడలు కూలుతాయి, ఎవరూ ఏమీ అనరు. అది ఆ ఆట ఎంచుకున్న స్వేచ్ఛ. మన రంగస్థలానికి పేరున్న ఊరు ఉంది, గుట్ట మీద సోమేశ్వర లక్ష్మీనరసింహ స్వామి గుడి ఉంది, మనుషులున్నారు. అందుకే పోరును ఎండిన చెరువు శిఖంలోకి తెచ్చాం. బండలు పగలవచ్చు, తుమ్మచెట్లు విరగవచ్చు, మట్టి లేవవచ్చు. కట్ట దాటి తూటా పోతే రోబో తనంతట తానే ఆయుధం దించేస్తుంది. కట్టుబాటు ఉన్న బలమే పెద్దదిగా కనిపిస్తుంది.

10. ఫోన్‌లో ఆడించండి, కోసెయ్యండి

మీ ఊళ్లో ఎక్కువమంది వాడే రకం ఫోన్‌లోనే ఆడించండి. సెకనుకు 30 ఫ్రేములు అంటే ఒక్కో ఫ్రేముకు 33 మిల్లీసెకన్లు. దాటితే ముందు పొగను తగ్గించండి, తర్వాత నీడలను. తూటాలను ప్రతిసారీ కొత్తగా పుట్టించకుండా, వాడినవాటినే మళ్లీ వాడండి.

ఇప్పుడు స్నేహితులను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టండి. మీరు నోరు మెదపవద్దు. వేలు ఎక్కడ తడబడిందో, ఎక్కడ నవ్వారో, ఎక్కడ చూపు పక్కకు పోయిందో రాసుకోండి. అయ్యాక మూడే ప్రశ్నలు: ఏం కాపాడావు? శత్రువును ఎలా కొట్టాలో ఎప్పుడు తెలిసింది? ఆ ఒక్క అస్త్రాన్ని ఎందుకు అప్పుడు వాడావు?

మొదటి ప్రశ్నకు "ధాన్యం బండ్లు" అని రాకపోతే మొదటి మెట్టుకు వెళ్లి కళ్లాన్ని కెమెరాకు దగ్గరగా జరపండి. రెండోదానికి జవాబు రాకపోతే వెలుగునూ సైగనూ సరిదిద్దండి. మూడోదానికి "ఊరికే నొక్కాను" అంటే ఆ అస్త్రం ఇంకా ఖరీదైనది కాలేదని అర్థం, దాన్ని వాడాలనిపించే సందర్భాలను గట్టిపరచండి. తర్వాత ఒక్కో పేలుడునూ ఆపేసి ఆడించి చూడండి. అది లేకపోయినా ఆడేవాడికి ఏ సంగతీ తక్కువ కాలేదంటే దాన్ని తీసెయ్యండి. మిగిలినవాటిని మాత్రం ఒక మెట్టు పెంచండి, జంకవద్దు. తాటిచెట్టంత వీరుణ్ణి నిలబెట్టాక వాడి గొంతు సన్నగా ఉండటానికి వీల్లేదు.